ఎటాగెన్ షిరోలో నెయ్యి

అస్కాలె దాన్ని హోటల్ అనదు. "ఆ ఎదురు కొట్టం" అంటుంది. గులెలే పేటలో మిగతా జనమంతా మాత్రం ఎటాగెన్ హోటల్ అంటారు. అని ఊరుకుంటారా, మధ్యాహ్నం కాగానే పోయి అందులోనే కూర్చుంటారు. ఆకుపచ్చ తలుపు, రేకుల కప్పు, కాళ్ళు ఊగే బల్లలు. అంతకుమించి అక్కడ ఏముందో అస్కాలెకి ఎంత ఆలోచించినా అంతు చిక్కదు. తన హోటల్లో గోడలకి పింగాణీ పలకలు వేయించింది. చేతులు కడుక్కోడానికి కుళాయి పెట్టించింది. లోపల తింటున్నవాళ్ళని చూసి వీధిన పోయేవాళ్ళకి ఆకలి పుట్టాలని ఇంత పెద్ద కిటికీ కూడా పెట్టించింది. ఇప్పుడా కిటికీలోంచి వీధికి ఖాళీ కుర్చీలు కనబడుతున్నాయి, ఆవిడకేమో ఆకుపచ్చ తలుపు దగ్గర బారులు తీరిన జనం కనబడుతున్నారు. ఇటుకలతో మూయించేద్దామా అని కూడా అనుకుంది.

పోనీ ఆ ఎటాగెన్ ఏ రాజుగారి వంటింట్లోంచో దిగివచ్చిందా అంటే అదీ కాదు. మెంజ్ కొండల్లోంచి చెప్పుల్లేని కాళ్ళతో వచ్చి అస్కాలె దగ్గర అంట్లు తోమిన పిల్ల. టెఫ్ అనే చిరుధాన్యం పిండి ఎంత పులవాలో, పెనం మీద పోసిన ఇంజెరా అట్టుకి కళ్ళు తెరుచుకున్నాక మూత ఎప్పుడు వేయాలో, ఉల్లిపాయల్లో నీరంతా ఇగిరిపోయేదాకా నూనె ఎందుకు పోయకూడదో, అన్నీ అస్కాలే చెప్పింది. నెత్తిన మొట్టి మరీ చెప్పింది. మొన్నటి వానాకాలంలో ఆ పిల్ల (పిల్లేమిటి, ముప్పై దాటిన మనిషి) వంగి మోకాళ్ళు తాకి సెలవు తీసుకుంది. సొంతూరికి పోతోంది కాబోలు అనుకుంది అస్కాలె. పోలేదు. రోడ్డు దాటింది, అంతే.

అక్కడితో ఆగినా అస్కాలె పళ్ళు నూరుకుంటూ కాలం గడిపేసేది. ఒక బుధవారం మధ్యాహ్నం మొగుడి మీసాల్లోంచి వచ్చిన వాసన ఆవిడ కొంప ముంచింది.

మొగుడి పేరు అయాల్నే. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. బస్సు హారన్ తప్ప ఆయన గొంతు ఎవరూ వినలేదని పేటలో నవ్వుకుంటారు. కొన్నాళ్ళుగా బుధవారం, శుక్రవారం వచ్చాయంటే టోపీ పెట్టుకుని మరియం చర్చి దగ్గర పాత స్నేహితులున్నారంటూ బయల్దేరేవాడు. వచ్చాక అస్కాలె ఇంజెరా వడ్డించబోతే, "ఆకలి లేదే, ఉపవాసం కదా," అనేవాడు. ఉపవాసం రోజున మాంసం, పాలు, నెయ్యి ముట్టకూడదు గాని పప్పూ కూరా తినొద్దని ఎవరన్నారు? ఆ బుధవారం ఆయన బూట్లు విప్పుకోడానికి వంగితే టోపీ జారిపడింది. తీసిద్దామని అస్కాలె కూడా వంగింది. ముఖం ముఖం దగ్గరకొచ్చాయి. గుప్పున కొట్టింది వాసన.

కొసెరెత్ ఆకు. కొరెరిమా గింజ. మెంతులు. ఈ మూడూ కలిసి సన్నని సెగ మీద మగ్గాయంటే అక్కడ నెయ్యి కాచినట్టే. ఆ సంగతి ఆ దేశంలో ఏ ఆడదైనా నిద్దట్లో కూడా చెబుతుంది.

"ఏం తిన్నావయ్యా?"

"ఏమీ లేదే."

"అయితే పోయి మీసాలు కడుక్కో."

ఆయన మారు మాట్లాడకుండా పోయి కడుక్కున్నాడు. తప్పు చేయని మగాడైతే ఎందుకు కడుక్కోమన్నావని అడగడూ? ఈ పేటలో ఆయన చెప్పకుండా పోయి తినే చోటు ఆ ఎదురు కొట్టం తప్ప ఇంకేముంది? అస్కాలె ఒళ్ళు భగ్గుమంది. మొగుడు ఆ ఎటాగెన్ దగ్గరికి పోవడం ఒకటి, అది ఉపవాసం రోజున ఆయనకి నెయ్యి పోసి పెట్టడం ఇంకొకటి. ఏది పెద్ద ద్రోహమో తేల్చుకోలేక రెండింటికీ కలిపి ఏడ్చింది. ఏడుపయ్యాక ముఖం కడుక్కుని, నెటెలా శాలువా భుజాన వేసుకుని, పక్కింటి వుబిత్ దగ్గరికి కాఫీకి వెళ్ళింది.

వుబిత్ చెవిన మాట వేయడమూ మైకు ముందు చెప్పడమూ ఒకటే. అది తెలియకుండానా అస్కాలె అక్కడికి వెళ్ళింది?

"ఏం వదినా, ముఖం అంత వాడిపోయింది?" అంది వుబిత్ కాఫీ గింజలు వేయిస్తూ.

"నాకేం, లక్షణంగా ఉన్నాను. ఈ పేట జనం ఆత్మలు ఏమైపోతాయో అనే నా దిగులంతా."

"ఆత్మలకేమొచ్చింది?"

"ఎదురు కొట్టంలో ఉపవాసం షిరో అంత కమ్మగా ఎలా ఉంటోందో ఎప్పుడైనా ఆలోచించావా? శనగపిండీ కారమూ నీళ్ళల్లో ఉడికిస్తే అంత కమ్మదనం వస్తుందా? నేనైతే ఏమీ అనలేదు."

వుబిత్ గరిటె ఆగిపోయింది. "నెయ్యా? బుధవారం పూటా?"

"నేననలేదమ్మా, నువ్వే అన్నావు."

"ఛ ఛ. ఎటాగెన్ అంత పని చేస్తుందా వదినా?"

"చేయదులే. ఆ కమ్మదనం ఆకాశంలోంచి రాలి కుండలో పడుతోంది."

రెండో విడత కాఫీకి ఇంకో ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి చేరారు. మూడో విడత అయ్యేసరికి ఆ నెయ్యిని కళ్ళారా చూసినవాళ్ళు కూడా తయారయ్యారు. మర్నాడు మంగలి కొట్టు దగ్గర గరిటెడు నెయ్యి అన్నారు. రొట్టెల బట్టీ దగ్గర అది గిన్నెడు అయింది. మాంసం ఉడికించిన నీళ్ళు కూడా పోస్తుందట అని ఎవరో బుగ్గలు నొక్కుకున్నారు. ఆ మాట తిరిగి తిరిగి అస్కాలె చెవినే పడితే, "అయ్యో, అవునా!" అని ఆవిడ కూడా నొక్కుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆకుపచ్చ తలుపు దగ్గర బారు సగానికి సగం తగ్గింది. అస్కాలె కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎన్నాళ్ళకో కడుపు చల్లబడింది. కూనిరాగం కూడా తీసింది. అంతలో అయాల్నే టోపీ పెట్టుకుని, "మరియం చర్చి దాకా వెళ్ళొస్తా," అని బయటికి నడిచాడు.

కిటికీ అప్పుడు అక్కరకొచ్చింది. ఆయన చర్చి వైపు మలుపు దాకా వెళ్ళాడు. మలుపులో ఆగాడు. వెనక్కి తొంగిచూశాడు. తర్వాత గోడవారగా, పాలడబ్బాల లారీ చాటున నక్కుతూ వచ్చి, అడుగుల్లో ఎక్కడలేని హుషారుతో ఆకుపచ్చ తలుపులోకి జారుకున్నాడు. ఊరంతా నెయ్యి భయంతో వెనక్కి తగ్గినా ఈయన తగ్గలేదు! తనకోసం ఈ మనిషి ఏనాడైనా ఇలా వీధి దాటాడా? దొంగచాటుగా ఒక్క అడుగైనా వేశాడా? అస్కాలె గుండెల్లో ఎవరో కారం దంచుతున్నట్టయింది. ఎటాగెన్ చేతుల మీద, ఎటాగెన్ కుండ మీద, ఆ కుండ కింద బొగ్గుల మీద కూడా ఏడుపొచ్చింది ఆవిడకి.

సరిగ్గా అప్పుడే కర్ర టకటకలాడించుకుంటూ ముసలి సన్యాసిని లోపలికొచ్చింది. ఆవిడ అసలు పేరు అందరూ మర్చిపోయారు, ఎమహోయ్ అనే పిలుస్తారు. బుధ, శుక్రవారాలు ఎటాగెన్ ఆవిడకి ఉచితంగా అన్నం పెడుతుంది.

"అస్కాలె తల్లీ," అంటూ కూలబడింది ఎమహోయ్. కళ్ళు వాచి ఉన్నాయి. "రెండు రోజులుగా నాకు ముద్ద దిగడంలేదు. పిల్లల్లేరు, ఆస్తి లేదు. పోయినరోజున దేవుడికి చూపించుకోడానికి నా దగ్గరున్నవి ఆ ఉపవాసాలే. అవి కూడా నెయ్యిలో కలిసిపోయాయంటున్నారు. నిజమేనా?"

ఎటాగెన్ మీద విసిరిన రాయి ఈ ముసలావిడకి తగులుతుందని అస్కాలె అనుకోలేదు. "నాకేం తెలుసు ఎమహోయ్," అంది.

"నీకే తెలియాలి. నెయ్యి సంగతి తేల్చగల ముక్కు ఈ పేటలో నీదొక్కటే అంటున్నారు. ఎటాగెన్ కూడా అదే మాట అంది. 'అస్కాలె అక్కని పిలవండి. తిని ఆవిడ ఉందంటే ఉన్నట్టే, ఇవాళే తలుపు మూసేసి మా ఊరు పోతా' అంది. రా తల్లీ."

తలుపు మూసేసి ఊరు పోతుందట. ఒక్క మాట చాలట. అస్కాలె నెటెలా సర్దుకుని లేచింది. ఎన్నాళ్ళుగానో ఆ ఆకుపచ్చ తలుపు వైపు ఒక్క అడుగు వేయని మనిషి, ముసలావిడ చేయి పట్టుకుని రోడ్డు దాటింది. వెనకాల వుబిత్, వుబిత్ వెనకాల వీధి.

లోపల తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. మూలబల్ల దగ్గర అయాల్నే టోపీ మోకాలి మీద పెట్టుకుని, నోట్లో ముద్దతో, లేవాలో కూర్చోవాలో తెలియక సగం లేచి ఉండిపోయాడు.

"కూర్చో కూర్చో," అంది అస్కాలె. "చర్చి బావుంది. రంగు కూడా వేయించారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎటాగెన్ నవ్వలేదు. చెంబూ పళ్ళెమూ తెచ్చి, వంగి, అస్కాలె చేతుల మీద తనే నీళ్ళు పోసింది. ఆ మణికట్టు మీద పెనం కాలిన మచ్చ అస్కాలెకి తెలుసు. ఆ రోజు మందు రాసింది తనే. ఎటాగెన్ చెంబు పక్కన పెట్టింది. పెద్ద పళ్ళెంలో ఇంజెరా పరిచి, దాని మీద ఎర్రపప్పు, ఆకుకూర, బీట్‌రూట్ కుప్పలుగా పెట్టి, నడిమధ్యన మట్టికుండలో కుతకుతలాడుతున్న షిరో ఒంపింది.

"తినండక్కా. తిని ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

అస్కాలె ఇంజెరా అంచు తుంచి, షిరోలో అద్ది, నోట్లో పెట్టుకుంది.

నాలుక మీద పడగానే తెలిసిపోయింది. నెయ్యి కాదు. వలిసె నూనె. వలిసె నూనెని నెయ్యి కాచినట్టే కొసెరెత్, కొరెరిమా, మెంతులు, అల్లం, వెల్లుల్లి వేసి, బూడిద కప్పిన బొగ్గుల మీద పొద్దుట్నుంచి కాచి, గుడ్డలో వడకట్టిన నూనె. ఇలా చేసే ఓపిక ఈ పేటలో ఎవరికుంది? ఒకప్పుడు ఒకత్తికి ఉండేది. పెళ్ళైన కొత్తలో, ఉపవాసాలొస్తే తిండి రంపపు పొట్టులా ఉంటోందని బస్సు డ్రైవరు మొగుడు సణిగితే, ఆయన కోసం కూర్చుని ఆ నూనె కనిపెట్టిన పిల్ల ఒకత్తి ఉండేది. మొదటి ముద్ద తిని ఆ మొగుడు వేళ్ళు నాకి, ఇది నెయ్యి కాదని ఒట్టేయమన్నాడు. ఆ నూనె పుణ్యమానే హోటల్ పెట్టింది. పింగాణీ పలకలొచ్చాయి, కుళాయి వచ్చింది, తీరిక పోయింది. "డబ్బా నూనె పోసెయ్యవే, ఎవడు కనిపెడతాడు," అని వంటింట్లోకి కేకేసింది ఒకనాడు. అప్పుడు గుడ్డ పట్టుకుని నూనె వడకడుతున్నది ఈ ఎటాగెనే.

ఎవడూ కనిపెట్టలేదనే ఇన్నాళ్ళూ అనుకుంది.

"ఏం వదినా? ఉందా?" అంది వుబిత్ మెడ సాచి.

"ఆగు. చల్లారనీ," అంది అస్కాలె. "నెయ్యి ఉంటే అంచుల్లో తెల్లగా పేరుకుంటుంది."

పేరుకోదని ఆవిడకి తెలుసు. అయినా చల్లారనిచ్చింది. ఆ కాసేపూ ఆ తలుపు, ఆ బల్లలు, ఆ కుండ అన్నీ తన నాలుక చివర ఉన్నాయి. ఉంది అని ఒక్క మాట అంటే చాలు. తన ముక్కుని ఎవరు కాదంటారు? అంచున ఏమీ కనబడకపోయినా, కొంచెమే పోసింది అంటే నమ్ముతారు. రేపట్నుంచి జనం రోడ్డుకి ఇటువైపు వస్తారు. ఎమహోయ్ మాత్రం పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. షిరో మీంచి చూపు తిప్పడంలేదు.

ఎటాగెన్ చేయి కడుక్కుని వచ్చి ఇంజెరా తుంచింది. షిరో, పప్పు, ఆకుకూర కలిపి ముద్ద చుట్టి అస్కాలె నోటి దగ్గర పెట్టింది. అలా చేత్తో పెట్టే ముద్దని గుర్షా అంటారు, కాదంటే పెట్టినవాళ్ళ ముఖాన ఉమ్మినట్టే. అస్కాలె నోరు తెరిచింది. వెంటనే రెండోది కూడా వచ్చింది. ఎవరూ ఒక్క గుర్షాతో ఆపరు. ఆపారంటే తగువు కోరుకున్నట్టే లెక్క. ఎటాగెన్ తగువు కోరుకోలేదు.

అస్కాలె నమిలింది. రెండోది మొదటిదానికన్నా కమ్మగా ఉంది. అదే మరీ మండించింది.

"నువ్వు చెప్పవయ్యా," అంది ఉన్నట్టుండి మొగుడి వైపు తిరిగి. "దొంగలా గోడలు పట్టుకుని వస్తున్నావు కదా. ఇక్కడ ఏముందని?"

అయాల్నే గుటక వేశాడు. టోపీని గుండ్రంగా తిప్పాడు.

"నీ చేతి వంట తిందామని వస్తున్నానే," అన్నాడు.

అస్కాలె కళ్ళు చిట్లించింది.

"ఇంట్లో నేను పెట్టేది ఎవరి చేతి వంట?"

"అదీ నీదే. కాదనను. కానీ ఈ నూనె... నువ్వు మానేసిన రోజే నాకు తెలిసింది. అప్పటికే అలిసిపోతున్నావు. నేనేమని అనను? ఆ మధ్య ఒక బుధవారం రోడ్డు మీద పోతుంటే ఈ వాసన వచ్చింది. కాళ్ళు ఆగిపోయాయి."

బస్సు డ్రైవరు అంత పొడుగు మాట్లాడ్డం ఎవరూ ఎన్నడూ వినలేదు.

అస్కాలె ఎటాగెన్ని తిడదామని వచ్చింది. మొగుడు గోడలు పట్టుకుని దొంగచాటుగా వస్తున్నది ఎటాగెన్ కోసం కాదు. బూడిద చల్లిన బొగ్గుల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ మొగుడి కోసం నూనె కాచిన ఆ కొత్త పెళ్ళికూతురి కోసం. ఆ పిల్లంటే అస్కాలెకి ఇప్పుడు ఎటాగెన్ మీదకన్నా ఎక్కువ కుళ్ళు పుట్టింది. దాని జుట్టు పట్టుకుందామంటే ఎక్కడ దొరుకుతుంది?

చివరికి ఎమహోయ్ చేయి మీద చేయి వేసింది.

"నెయ్యి లేదు ఎమహోయ్. బొట్టు కూడా లేదు. నీ ఉపవాసాలు ఎక్కడికీ పోలేదు. ఇది వలిసె నూనె." గొంతు పెంచింది. "ఆ నూనె నాది."

"మీదే అక్కా," అంది ఎటాగెన్ నెమ్మదిగా. "అడిగినవాళ్ళందరికీ ఆ మాటే చెబుతున్నాను."

"అందరికీ చెప్పావు, నాకు చెప్పలేదేం?"

"మీరు నా ముఖం చూస్తే కదా చెప్పడానికి."

దొంగతనం అంటగట్టే సుఖం కూడా దక్కనివ్వలేదు మహాతల్లి. ఎమహోయ్ కళ్ళు తుడుచుకుని, ఇంజెరా తుంచి ఆబగా తినసాగింది. రెండు ముద్దలయ్యాక తలెత్తి అడిగింది: "మరి ఈ పాపిష్టి మాట పుట్టించింది ఎవరమ్మా?"

వుబిత్ రేకుల కప్పు వైపు చూసి దగ్గింది.

"ఉంటుందిలే ఎవతో ఓర్వలేని ముండ," అంది అస్కాలె. "దాని సంగతి నేను చూసుకుంటా."

ఎటాగెన్ ఆవిడ ముఖంలోకి సూటిగా చూసింది. తెలిసిపోయింది. తెలిసిన సంగతి ఇద్దరికీ తెలిసింది. అస్కాలె చూపు తప్పించి, పళ్ళెం మీదికి వంగి, ఇంత పెద్ద ముద్ద చుట్టింది. అందులో అందరూ చూస్తుండగానే పొడుగాటి పచ్చిమిరపకాయ ఒకటి దాచి, ఎటాగెన్ నోట్లో కుక్కింది. ఎటాగెన్ కళ్ళ వెంట నీళ్ళు కారాయి, అయినా నమిలింది. రెండో ముద్ద మిరపకాయ లేకుండా పెట్టింది. అంతకన్నా క్షమాపణ చెప్పడం అస్కాలెకి చేతకాదు.

"నా దగ్గరున్న కొసెరెత్ పాతబడిపోయింది," అంది ఎటో చూస్తూ. "నీది ఎక్కడ కొంటున్నావే?"

"మా ఊర్నించి వస్తుందక్కా." ఎటాగెన్ లోపలికి వెళ్ళి, దోసెడు ఎండుటాకు గుడ్డలో కట్టి తెచ్చింది.

అస్కాలె మూట విప్పి వాసన చూసింది. ఎంత వెతికినా వంక దొరకలేదు. "నీడలో ఆరబెట్టాలని ఎన్నిసార్లు చెప్పాను," అని మాత్రం అని, మూట నడుముకి దోపుకుంది. తర్వాత తిన్నగా మూలబల్ల దగ్గరికి నడిచింది.

అయాల్నే పళ్ళెంలో ఇంకా షిరో మిగిలి ఉంది. అస్కాలె నిలబడే ఇంజెరా తుంచి, పళ్ళెం అడుగంటా తుడిచి, ముద్ద చుట్టి ఆయన నోట్లో పెట్టింది. పెళ్ళినాడు తప్ప పదిమందిలో ఆవిడ ఆయనకి గుర్షా పెట్టింది లేదు. ఆయన బుగ్గలు ఉబ్బాయి. కష్టపడి నమిలి, మింగి, రెండోదాని కోసం మళ్ళీ నోరు తెరిచాడు.

అస్కాలె అప్పటికే పక్కకి తిరిగి, కడుక్కోడానికి ఎటాగెన్ ముందు చేతులు చాపింది.

"రెండోదేదే?" అన్నాడు అయాల్నే. హోటల్లో అందరూ విన్నారు.

"వచ్చే బుధవారం, మనింట్లో," అంది అస్కాలె తడిచేతులు విదిలిస్తూ. "అందాకా ఈ ఒక్కదాంతోనే ఉండు. చర్చిలో ఎవరైనా పెట్టబోతే మాత్రం నోరు తెరిచావో, చూసుకో!"